చుట్టం వెళ్ళినా చుట్టవాసన పోదు



నేను అరవై దాటిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. పండితశిక్షణ పొంది, ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి. కిరాయి కార్ల సంగతి నీకెందుకయ్యా అని మీరు అడగవచ్చు. కాని మొన్నటి వేసవిలో జరిగిన ఒక ముచ్చట నా మనస్సులో ముల్లువలె మిగిలిపోయినది. అందులో తప్పు చేసినవారిలో నేనూ ఒకణ్ణి. వ్రాసి ఆ బరువు దించుకొందామని ఈ టపా.

శ్రీరామనవమి రద్దీ తగ్గిన తరువాత మా మేనల్లుడు హైదరాబాదులో ఒక కారును మూడు రోజులకు కిరాయికి తీసికొన్నాడు. దానికి డ్రైవరు ఉండడు, తీసికొన్నవాడే నడుపుకోవాలి. ఇట్టి కార్లకు నల్లని పలక మీద పసుపుపచ్చని అక్షరాలుంటాయి. మామూలు టాక్సీకి ఇది తలక్రిందులు, పసుపు పలక మీద నల్లని అక్షరాలు. భార్యనూ, నాలుగేండ్ల కూతురునూ ఎక్కించుకొని మధిర వచ్చాడు. ఇక్కడ తల్లిదండ్రులను, అనగా మా అక్కనూ బావగారినీ, వారితో నన్నూ ఎక్కించుకొని భద్రాచలం బయలుదేరాడు. వైరా, తల్లాడ, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా ప్రయాణం.

బావగారు డెబ్బది దాటిన రైతు. భోజనం తరువాత మనబోంట్లకు తాంబూలం ఎట్లాగో ఆయనకు లంక పొగాకు చుట్ట అట్లాగ. కొత్తగూడెంలో భోజనాలు ముగిశాయి. పాల్వంచ దాటగానే ఆయన చుట్ట వెలిగించారు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఏసీ, అద్దాలన్నీ బిగించి ఉన్నవి. తన ప్రక్క అద్దాన్ని మాత్రం రెండు వేళ్ళంత దించి, పొగంతా అందులో నుండే పోతున్నదన్న భరోసాతో ఆయన కూర్చున్నారు. మేనల్లుడు పైనున్న అద్దంలో ఒకసారి వెనుకకు చూశాడు, ఏమీ అనలేదు. కోడలు పిల్ల ముఖానికి కొంగు అడ్డం పెట్టింది, ఏమీ అనలేదు. అక్క నలుబది యేండ్ల అలవాటు చొప్పున కిటికీ వైపు తిరిగింది. నోరు తెరవవలసినవాణ్ణి నేను. తెరవలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. తిరుగు ప్రయాణంలో, ఎప్పుడో మానివేశానని అందరికీ చెప్పుకొనే సిగరెట్టును నేను తల్లాడ దగ్గర వెలిగించాను. చుట్ట కాలిన బండిలో సిగరెట్టుకు అడ్డేమున్నదిలే అనుకొన్నాను. ఒక గతుకులో బండి ఎగిరింది. నిప్పురవ్వ సీటు మీద పడింది. పెసరగింజంత రంధ్రం. చేతితో నలిపి, పైన తువ్వాలు కప్పాను.

కారు అప్పగించిన మరునాడు మేనల్లునికి సందేశం వచ్చినదట. బండిలో పొగ త్రాగరాదన్న షరతును మీరినందుకు, సీటు కాలినందుకు, లోపలి భాగాన్ని శుభ్రం చేయించినందుకు, ముందుగా కట్టిన 5,000 రూపాయల ధరావతును జమకట్టుకొన్నారట. ఈ మాట వాడు తండ్రికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. దసరాకు వచ్చినప్పుడు కోడలి నోటి నుండి జారింది.

బావగారికి కోపం వచ్చింది. “మూడు రోజులకు సొమ్ము కట్టాము గదా! ఆ మూడు రోజులూ అది మన బండే. మన బండిలో మనం చుట్ట తాగితే వాడికేం నొప్పి?” అన్నారు.

ఇది ఒక్క బావగారి మాట కాదు. కిరాయి బండి ఎక్కిన మనలో చాలామంది మనస్సులో ఉన్న మాట ఇదే. అందుకే దీనికి సమాధానం చెప్పుకోవలసిన అవసరమున్నది.

బావగారు తన నాలుగెకరాల మాగాణిని ఏటేటా కౌలుకు ఇస్తారు. నేను ఆ దారినే వెళ్ళాను. “బావా, మీ మాగాణి కౌలు చేసే అబ్బాయి వరి మాని జామాయిల్ నాటితే మీరు ఊరుకొంటారా?”

“వాడెవడయ్యా నాటడానికి? వాడి కౌలు ఏడాదికే. జామాయిల్ నాలుగేండ్ల పంట. కొట్టుకొనిపోయినా మొద్దులు నా పొలంలోనే ఉంటాయి. వాటిని పెరికించే జేసీబీ ఖర్చు ఎవడిస్తాడు?”

“ఆ బండిలో మనం వదలివచ్చిన వాసన కూడ జామాయిల్ మొద్దే బావా.”

మా ఖమ్మం ప్రాంతంలో ఈ పోలిక ఎవరికైనా తెలుస్తుంది. సారపాక కాగితపు మిల్లు పుణ్యమా అని జామాయిల్, సుబాబుల్ తోటలు ఎన్ని పొలాలను ఆక్రమించాయో, మళ్ళీ ఆ పొలాన్ని వరికి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఇక్కడి రైతులు ఎరుగుదురు. బావగారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “సీటు కాల్చింది నీ సిగరెట్టే గదా పంతులూ” అన్నారు. ఆ మాటకు నేను పాత్రుణ్ణే.

మన భాష ఇచ్చిన వస్తువును బట్టి మాట మారుస్తుంది. ఇంటికి అద్దె, బండికి బాడుగ లేక కిరాయి, తోటలో కాయలకు గుత్త, పొలానికి కౌలు, పొరుగింటి నుండి తెచ్చుకొన్న నగకు ఎరువు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత మన పెద్దలది. వీటిలో కౌలు అన్న మాట చిత్రమైనది. అది అరబ్బీ భాషలోని ఖౌల్ అన్న శబ్దం నుండి వచ్చినది. ఆ శబ్దానికి అర్థం మాట, ఇచ్చిన మాట అని. అనగా కౌలు అంటే భూమిని తీసికొనడం కాదు, భూమి విషయంలో మాట ఇవ్వడం. వాడుకొంటాను, పాడుచేయను, ఎట్లున్నదో అట్లే అప్పగిస్తాను అన్నదే ఆ మాట. సొమ్ము దాని వెనుక వచ్చేది.

చట్టం కూడ ఈ దారినే నడిచింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో, ఒకరి వస్తువు మరొకరి చేతిలో ఉన్నప్పటి నియమాలున్నవి. బుద్ధిమంతుడైన మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూచుకొంటాడో, తన చేతికి వచ్చిన పరుల వస్తువును అంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షను చెబుతుంది. 154వ సెక్షను క్రింద ఒక గుర్రపు ఉదాహరణ ఉన్నది. ఒకడు మరొకనికి, నీవు మాత్రమే ఎక్కవలెనని గుర్రాన్ని ఇస్తాడు. వాడు తన ఇంటివానిని ఎక్కనిస్తాడు. ఆ ఇంటివాడు జాగ్రత్తగానే నడిపినా గుర్రం పడి దెబ్బతింటుంది. నష్టం కట్టవలసినవాడు గుర్రాన్ని తీసికొన్నవాడే. ఈ ఉదాహరణ చదివినప్పుడు నాకు మా మేనల్లుడు కళ్ళకు కట్టాడు. ఎక్కినది తండ్రి, మామ, కట్టినది వాడు. నూటయేబది యేండ్ల క్రితం గుర్రానికి వ్రాసిన ధర్మం నేడు కారుకు సరిపోయింది. ఇంకొక తేడా ఏమనగా, ఆ ఇంటివాడు జాగ్రత్తపడ్డాడు. మేము అదీ పడలేదు.

అద్దం దించితే పొగ పోతుంది గదా, మిగిలేదేమున్నది అని కొందరు అడుగుతారు. పొగలో కంటికి కనబడేది పోతుంది. కనబడనిది సీటు గుడ్డలో, దాని క్రింది స్పాంజిలో, పైకప్పు లోపలి గుడ్డలో, ఏసీ గొట్టాలలో పొరగా అంటుకొంటుంది. ఎండలో నిలిపిన కారు కొలిమివలె కాగినప్పుడు ఆ పొర నుండి ఆవిరి మళ్ళీ లేస్తుంది. ఏసీ ఆ గాలినే తిప్పి తిప్పి మన ముఖాన కొడుతుంది. అత్తరు చల్లితే ఆ వాసనకు పైన మరొక వాసన చేరుతుందే గాని అది పోదు. త్రాగేవాడు పీల్చేది మొదటి పొగ, ప్రక్కవాడు పీల్చేది రెండవది, ఇట్లా అంటుకొని మిగిలేది మూడవది. దీనిని ఆంగ్లంలో థర్డ్‌హ్యాండ్ స్మోక్ అంటున్నారు. 2009లో పీడియాట్రిక్స్ అన్న అమెరికా వైద్యపత్రికలో వచ్చిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. తెలుగులో శేషధూమం అంటే బాగుంటుందని నా మనవి. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పగలరు.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు 2010లో మరొక సంగతి తేల్చారు. వస్తువులకు అంటిన నికోటిను ఊరక ఉండదట. గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి, పుట్టకురుపు తెచ్చే నైట్రోసమీనులుగా మారుతుందట. పొగ త్రాగే ఒకరి బండి లోపలి భాగాల మీద ఆ పదార్థాలు వారికి దొరికాయి. శాన్‌డియేగో స్టేట్ విశ్వవిద్యాలయంలోని జార్జ్ మాట్ బృందం వారు 2008లో అమ్మకానికి వచ్చిన పాత కార్లనూ, ఆ తరువాత 2013లో కిరాయి కార్లనూ పరీక్షించారు. పొగ త్రాగరాదని పేరు పెట్టిన కిరాయి కార్లలో కూడ నికోటిను జాడ కనబడింది. అనగా పలక వ్రేలాడదీసినంత మాత్రాన బండి శుద్ధం కాలేదు. మావంటివారు అన్ని దేశాలలోనూ ఉన్నారని అర్థం.

కాబట్టి నేను చెప్పదలచినది ఇంతే. మనం కిరాయి కట్టినది బండికి, మనం ఉన్న రోజులకు. తరువాత ఆ బండి ఎక్కేవారి గాలికి మనం కిరాయి కట్టలేదు. వారిలో ఉబ్బసం ఉన్న ముసలాయన ఉండవచ్చు, నెలల బిడ్డను ఒడిలో పెట్టుకొన్న బాలింత ఉండవచ్చు. వారు మనలను ఎరుగరు, మనం వారిని ఎరుగము. మనలను వద్దనడానికి వారు ఆ సమయానికి అక్కడ లేరు. లేనివారి తరఫున మాట్లాడడానికే షరతు అన్నది కాగితం మీద ఉన్నది.

పూర్వం ఇట్లా లేదు గదా అనవచ్చు. నిజమే. నా చిన్ననాటి అంబాసిడరు కారులో బూడిద రాల్చే గిన్నెను తయారుచేసినవారే అమర్చి ఇచ్చేవారు. సిగరెట్టు వెలిగించే సాధనం కోసం పెట్టిన రంధ్రమే నేడు మన సెల్‌ఫోనుకు ఛార్జింగు పెట్టే చోటయినది. కన్యాశుల్కంలో గిరీశం నోట చుట్ట లేకపోతే ఆ పాత్రకు నిండుదనం రాదు. సాహిత్యమూ, యంత్రమూ కలిసి పొగను మర్యాద చేసిన కాలమది. ఆ కాలం పోయింది. బహిరంగ స్థలాలలోనూ, ప్రజావాహనాలలోనూ పొగ త్రాగడాన్ని నిషేధించవలెనని 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2న, గాంధీజయంతి నాడు, దాని క్రింది నియమాలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. ప్రజావాహనాలు ఆ నిషేధంలోకే వస్తాయి. ఆ చట్టం నిర్ణయించిన జరిమానా 200 రూపాయల దాకా. ఆ 200 రూపాయలను చూసి ఎవరు భయపడ్డారు? మా ఇంట 5,000 పోతే గాని ఈ చర్చ పుట్టలేదు.

కిరాయికిచ్చేవారి వైపున కూడ ఒక మాట అనవలసి ఉన్నది. సీటు మీది రంధ్రం కంటికి కనబడుతుంది. వాసనకు కొలబద్ద ఏది? మనకు ముందు ఎక్కినవాడు త్రాగిన పొగకు మనం దండుగ కట్టవలసి వస్తే అది అన్యాయం కాదా? అన్యాయమే. బండి అప్పగించేటప్పుడూ, తిరిగి పుచ్చుకొనేటప్పుడూ ఇరువురూ కలిసి చూచుకోవాలి. ఎంత శుభ్రతకు ఎంత రుసుమో ముందే వ్రాసి ఉండాలి. తీసికొనేవారు తలుపు తెరిచిన వెంటనే, ఏసీ వేయకముందే, ఒకసారి వాసన చూసి, లోపలి ఫొటోలు తీసి, ఉన్న లోపాన్ని అప్పుడే వ్రాయించుకోవాలి. చట్టం ఒకవైపే మాట్లాడదు. పైన చెప్పిన 1872 చట్టంలోనే 150వ సెక్షను క్రింద బాడుగ బండి ఉదాహరణ ఒకటి ఉన్నది. బండి ప్రమాదకరంగా ఉన్న సంగతి ఇచ్చినవానికి తెలియకపోయినా, దాని వలన ఎక్కినవానికి దెబ్బ తగిలితే బాధ్యుడు ఇచ్చినవాడే. మంచి బండి ఇవ్వడం వారి మాట, మంచిగా తిరిగి ఇవ్వడం మన మాట.

ఈ పుటలు చదివే మిత్రులలో అమెరికాలో ఉన్నవారు కొందరున్నారు. అక్కడ కారును కొనకుండా మూడేండ్ల లీజుకు తీసికొని, నెలనెలా సొమ్ము కట్టి, గడువు తీరగానే అప్పగించే పద్ధతి వారికి పరిచితమే. అప్పగించేనాడు బండిని అంగుళం అంగుళం చూస్తారు. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలను మన్నిస్తారు. సిగరెట్టు కాల్పు సహజమైన అరుగుదల క్రిందికి రాదు. మూడు రోజుల కిరాయికి మాకు జరిగినది మూడేండ్ల లీజులో ఎన్నింతలవుతుందో ఊహించుకోండి. మూడేండ్లు తన వాకిట్లో నిలిచిన బండిని సొంతబండి అనుకొనడం మూడు రోజుల బండిని అనుకొనడం కంటె సులభం. ప్రమాదమూ అక్కడే ఉన్నది.

డ్రైవరు ఉన్న బండి అయితే మరొక మనిషి మధ్యలోకి వస్తాడు. ఎక్కినవాడు త్రాగే పొగను ఆ డ్రైవరు ఊపిరితిత్తులు భరించాలి. వద్దని చెప్పాలంటే అతనికి భయం, ఫోనులో నక్షత్రాలు తగ్గిస్తారని. పిల్లల స్థితి ఇంకా దీనం. ఇంటిలో పొగ లేస్తే పిల్ల వాకిట్లోకి పరుగెత్తుతుంది. కారులో ఎక్కడికి పోతుంది? ఇంగ్లండులో 2015 అక్టోబరు 1 నుండి, పదునెనిమిదేండ్లలోపు పిల్లలున్న కారులో, అది సొంత కారే అయినా, పొగ త్రాగడం నేరం. సొంత బండికే అక్కడ ఆ కట్టుబాటు ఉంటే, పరుల బండిలో మన స్వేచ్ఛ ఎంతటిది?

ఒక సంగతి చెప్పడం మరచాను. ఆనాడు పాల్వంచ దాటిన తరువాత బావగారు చుట్టపీకను అద్దంలో నుండి బయటకు విసిరారు. రెండువైపులా అడవి, రాలిన ఎండుటాకు మోకాలిలోతు. ఆ అడవిలోనే వేసవిలో కోయ స్త్రీలు తెల్లవారకముందే లేచి, తునికాకు కోసి, యాభై ఆకుల కట్టలు కడతారు. మన బీడీకి ఆకు ఇచ్చే అడవి అది. దాని మీదికే మనం నిప్పు విసిరాము. ఆ అడవి కూడ మనకు కౌలుకు వచ్చినదేనని ఆ క్షణాన ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు అసలు ముల్లు దగ్గరికి వస్తాను. విషయం తెలిసిన రాత్రే నా వంతు సొమ్ము మేనల్లునికి ఫోనులో పంపాను. వాడు వెంటనే తిప్పి పంపి, మాట్లాడాడు. “డబ్బుదేముంది మామయ్యా! నాన్నగారికి నేను ఎట్లా చెప్పను? మీరొక్క మాట అంటారేమోనని అద్దంలో చూశాను. మీరు అంటే ఆయన ఆపేవారు” అన్నాడు.

ఆ రోజు వాడు అద్దంలో చూసినది తండ్రిని అనుకొన్నాను. కాదు, నన్ను. తరగతిలో ముప్పది యేండ్లు పిల్లలను నోరు తెరవండిరా అని గద్దించినవాణ్ణి, తెరవవలసిన చోట తెరవలేదు. పైగా తిరుగు ప్రయాణంలో నేనే వెలిగించాను. పెద్దలను కాదనలేని పిల్లల మర్యాదను పెద్దలం మనం ఎట్లా ఖర్చు పెట్టుకొంటున్నామో దీనిని బట్టి తెలుస్తుంది. వారి మౌనాన్ని మనం అనుమతి అనుకొంటాము. జరిమానా మాత్రం వారి లెక్కలో పడుతుంది.

కార్తికంలో మళ్ళీ అందరం కలిసి జమలాపురం వెంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళాము. ఈసారీ కిరాయి బండే. బావగారు దారిలో ఒకచోట, “కాస్త ఆపరా” అని దిగి, చెట్టు క్రింద నిలబడి చుట్ట కాల్చుకొని, పీకను చెప్పుతో నలిపి, నీళ్ళు పోసి వచ్చారు. ఎక్కేటప్పుడు మనుమరాలు ముక్కు మూసికొంది. శేషధూమం మనిషి బట్టలకూ అంటుతుంది గదా! ఆయన నవ్వి, ముందు సీటులోకి మారి కూర్చున్నారు. చుట్ట మానలేదు. నేను మానమని చెప్పలేదు, చెప్పే అర్హత నాకు లేదు. బండి వరకు మాత్రం మాట నిలబడింది.

మీ ఇండ్లలో, మీ ప్రయాణాలలో ఇట్లాంటిది జరిగి ఉంటే, మీరు ఎట్లా చెప్పగలిగారో, చెప్పలేకపోయారో తెలుపగలరు. చెప్పలేకపోయినవారి అనుభవమే నాకు ఎక్కువ అక్కరకు వస్తుంది.

స్వస్తి.